నేను కొట్టని కంత

ఒక చావు బరువు నాది. దాన్ని చాలా ఏళ్లు మా బామ్మర్ది మోశాడు. నేను పక్కనే నడుస్తూ చూశాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలకనే మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఇదంతా ఎప్పుడో చెప్పవలసినవాళ్లకే చెప్పేవాణ్ణి.

మాది గచ్చిబౌలి పక్క ఊరు. ఇప్పుడది ఊరు కాదు, అద్దాల మేడల నడుమ మిగిలిపోయిన ఒక గల్లీ. మా భూములున్న చోట లేచిన అపార్ట్‌మెంట్లలోనే వంటగదులు బిగించే పని నేర్చుకున్నాను. అలమారాలు, రాతిబల్లలు, పొయ్యిలు, పొగగొట్టాలు. కొన్నాళ్లు ఒకరి కింద చేసి, సకల జనుల సమ్మె జరిగిన ఏడాది సొంతంగా మొదలుపెట్టాను. నా పేరు మీద ఒప్పుకున్న మొదటి పని ప్రసాద్ గారి ఇంట్లో.

ప్రసాద్ గారిది కడప జిల్లా. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఆయన భార్య సునీతమ్మకు పొయ్యి గోడకు ఆనుకుని ఉండటం ఇష్టం లేదు. వంటగది మధ్యలో బల్ల కట్టి దాని మీద పెట్టాలంది. అలా పెడితే నెత్తి మీద చిమ్నీ వేలాడదీయడానికి గోడ ఉండదు. అందుకని పొగను కిందికి లాగే యంత్రం ఎంచుకున్నారు. పొయ్యి పక్కన సన్నటి నోరు ఉంటుంది. ఆవిరినీ పొగనూ అది కిందికి పీల్చి, బల్ల లోపలి గొట్టం గుండా ఇంటి బయటికి పంపుతుంది. అప్పట్లో మా వైపు అది కొత్త.

"ఇట్ల పెడితే పిల్లోళ్లని చూసుకుంటా వండుకోవచ్చు గదన్నా," అంది సునీతమ్మ. గోడవైపు తిరిగి వండీ వండీ విసుగొచ్చిందట.

పని బాగానే చేశాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. తప్పు చేతకాక జరగలేదని మీకు తెలియాలి. గొట్టాన్ని వీలైనంత తక్కువ దూరంలో, ఒకే మలుపుతో తీసుకెళ్లాను. అతుకుల దగ్గర రేకు టేపు చుట్టాను. బయటి నుంచి గాలి వెనక్కి తన్నకుండా, పావురాలు దూరకుండా మూత పెట్టాను. అన్నీ చేశాను. ఒక్కటి తప్ప.

ఇంట్లోంచి గాలిని బయటికి తోస్తే, దానికి బదులు గాలి లోపలికి రావాలి. దారి ఇవ్వకపోతే ఎక్కడ సందుంటే అక్కడి నుంచి లాక్కుంటుంది. ఆ ఇంట్లో వంటగదిని ఆనుకుని ఒక బాత్రూమ్ ఉంది. అందులో గ్యాస్ గీజర్. మండిన గాలి పోవడానికి దాని గొట్టాన్ని వెంటిలేటర్‌లోంచి బయటికి పెట్టారు. దోమల భయంతో వెంటిలేటర్ మిగతా భాగమంతా అద్దంతో మూసేశారు. కిటికీలన్నీ కొత్తవి, మూస్తే చీమ కూడా దూరనివి.

పని అయిపోయాక తలుపులూ కిటికీలూ వేసి, యంత్రాన్ని పూర్తి వేగంలో పెట్టి, గీజర్ వెలిగించి, దాని దగ్గర అగరుబత్తి పట్టుకున్నాను. పొగ గొట్టంలోకి పోవాలి. పోలేదు. నా ముఖం మీదికి వచ్చింది.

దాని అర్థం నాకు తెలుసు. గీజర్‌లో మండిన విషగాలి బయటికి పోకుండా గదిలోకే తిరిగొస్తోంది. ఆ గాలికి వాసన ఉండదు. కళ్లు మండవు. మనిషికి నిద్ర వచ్చినట్టు ఉంటుంది, అంతే. చేయవలసింది కూడా తెలుసు. వంటగది గోడకు ఇంకో కంత కొట్టి, గాలి వచ్చేందుకు జాలీ పెట్టాలి. గీజర్‌ని బాల్కనీలోకి మార్చాలి. అప్పటిదాకా కనీసం కిటికీ తీసి ఉంచండమ్మా అని చెప్పాలి.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లూ ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు చెప్పుకున్నాను. కాంక్రీటు కోసే మిషన్ అతను బంద్‌ల వల్ల రాలేదని. పాలు పొంగించే ముహూర్తం ముంచుకొచ్చిందని. అవి అబద్ధాలు కావు, కానీ అసలు కారణం అది కాదు. పని మొదలుపెట్టేముందు ప్రసాద్ గారు, ఇంకెక్కడైనా గోడ పగలగొట్టాల్సి వస్తుందా అని అడిగారు. అవసరమే లేదు సార్ అని గట్టిగా చెప్పాను. మెరిసే టైల్స్ అతికించిన గోడను చూపించి, నేను పొరబడ్డాను సార్ అనడానికి నాకు నామోషీ అయ్యింది. సొంత పేరు మీద మొదటి పని. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని వెతికాను. లేదు.

వంట చేసేటప్పుడు కిటికీ ఎవరు మూస్తారులే అనుకున్నాను. బంద్‌లు తగ్గాక వచ్చి సర్దుదాం అనుకున్నాను. ఆ పొయ్యి మీద పాలు పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పుడే ఊరినుంచి సునీతమ్మ చెల్లెలు మాధవి వచ్చింది. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటోంది. మిగిలిన అలమారాలు బిగిస్తున్న మా పనివాళ్లకు మజ్జిగ తెచ్చిచ్చి, ఈ యంత్రం ఎట్ల పనిచేస్తుందన్నా అని అడిగింది. చెప్పాను. గొట్టం ఎటు పోతుందో, ఎంత గాలి లాగుతుందో, అంతా చెప్పాను. ఆ ఒక్క సంగతి తప్ప.

ఇక ఆ రోజు.

వాళ్ల కాలనీ బయట పెద్ద రోడ్డు మీద వంటా వార్పు పెట్టాం. రోడ్డు నడుమ రాళ్ల పొయ్యిలు, పెద్ద గంజులు, డప్పులు, జై తెలంగాణ నినాదాలు. వచ్చినవాళ్లకు అన్నం వడ్డించే పని నాది. బండ్లు ఆపే పని మా బామ్మర్ది అంజయ్యది. నా భార్యకు ఒక్కడే తమ్ముడు. ఆఫీసు క్యాబ్ నడిపేవాడు. ఉద్యమంలో ముందుండేవాడు గానీ ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. రోడ్డుకు అడ్డంగా బెంచీ వేసుకుని, వచ్చినవాళ్లకు చేతులు జోడించి వెనక్కి పంపుతున్నాడు. పొద్దుటి నుంచి ఇద్దరు ముగ్గురు, కారులో పేషెంట్ ఉన్నాడని అబద్ధం చెప్పి దాటిపోయారు. అది వాడికి కొంచెం మంటగా ఉంది.

కాలనీలో రాళ్లు పడతాయని పుకారు పుట్టింది. ఒక్క రాయి కూడా పడలేదు. కానీ ప్రసాద్ గారి ఇంట్లో భయపడి కిటికీలన్నీ వేసుకున్నారు. బడులు లేక పిల్లలు ఇంట్లోనే ఉన్నారని సునీతమ్మ పూరీలు చేస్తోంది. నూనె పొగ గది నిండకుండా యంత్రాన్ని పూర్తిగా పెంచింది. మాధవి స్నానానికి వెళ్లింది. ఎంతకీ రాకపోతే తలుపు పగలగొట్టారు. ఇదంతా తర్వాత తెలిసింది. వింటున్నప్పుడు ప్రతి మాటా ముందే తెలిసినట్టు ఉంది.

ప్రసాద్ గారి కారు బెంచీ ముందు ఆగింది. హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. అంజయ్య అద్దం దగ్గరికి వెళ్లాడు. ఆయన ఏదో అరుస్తున్నాడు. వీడు "జర ఆగు సార్, చూడనియ్" అంటున్నాడు. ఎంతసేపు? నాలుగు మాటలు అనుకునేంత సేపు. వెనక సీట్లో సునీతమ్మ ఒళ్లో పడుకున్న మనిషిని చూడగానే వాడు బెంచీ లాగి పక్కకు విసిరేశాడు. జనాన్ని తోసుకుంటూ, తొవ్వ ఇయ్యుండ్రి అని అరుస్తూ కారు ముందు చాలా దూరం పరుగెత్తాడు.

ఆ కారు నా పక్కనుంచే పోయింది. చేతిలో అన్నం గరిటె. మాధవి ముఖం చూశాను. అది పాలిపోయి లేదు. బుగ్గలు ఎర్రగా, ఎండలో నడిచొచ్చినట్టు ఉన్నాయి. ఆ ఎరుపు ఏమిటో నాకు తెలుసు. ఆ విషగాలి పీల్చినవాళ్ల ముఖం అలాగే ఎర్రబడుతుంది.

దవాఖానకు తీసుకెళ్లేసరికే ప్రాణం లేదన్నారు. చిన్నప్పుడు ఆమెకు మూర్ఛ వచ్చేదట. అదే తిరగబెట్టి ఉంటుందన్నారు. పోస్ట్‌మార్టం పేరుతో కోయించవద్దని ఇంటివాళ్లు ఏడ్చారు. ఎవరూ పట్టుబట్టలేదు. శవాన్ని ఊరికి తీసుకెళ్లారు.

కాలనీలో వేరే మాట పుట్టింది. బండి ఆపి ఆడపిల్లను చంపారన్నారు. ఉద్యమం పేరు చెప్పి ప్రాణం తీశారన్నారు. రోడ్డు మీద బండ్లు ఆపినందుకు అంజయ్య మీద కేసు పెట్టారు. రోజూ రోడ్డు మీద గొంతు చించుకున్నవాణ్ణి నేను. నా తప్పు వెళ్లి ఉద్యమం మీద పడుతుంటే, మా వాడి మీద పడుతుంటే, తల దించుకుని చూశాను. ఒకరిద్దరితో "మూర్ఛ అంట గదా" అన్నాను. అంతకుమించి మాట్లాడితే ఏమన్నా అడుగుతారని భయం.

ఇంకొకటి చేశాను. అది చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. వాళ్లు కర్మలకు ఊరెళ్లి ఉండగా వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని వెళ్లాను. మిషన్ కిరాయికి తెచ్చి గోడకు కంత కొట్టాను. జాలీ బిగించాను. గీజర్ ఊడదీసి బాల్కనీలో పెట్టాను. రాలిన సిమెంటు పొడి తుడిచాను. టైల్ కొంచెం కూడా చిట్లలేదు. అంత తేలికైన పని.

కర్మలు అయ్యాక వాళ్లు తిరిగొచ్చారు. ప్రసాద్ గారు ఆ గోడ చూసి, "ఇంత గొడవలో కూడా పని మర్చిపోలేదు మీరు," అన్నారు. సునీతమ్మ పొయ్యి వైపు వీపు పెట్టి కూర్చుంది.

ఆమెకు నిజం చెబితే, ఆ యంత్రం మీట నొక్కింది తన చెయ్యేనని తెలుస్తుంది. చెల్లెల్ని తానే చంపుకున్నానని అనుకుంటుంది. అందుకే చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత మంచి సాకు. దయ లాగా కనిపిస్తుంది. మరి అంజయ్య మీద ఆ దయ ఏమైంది?

కొన్నాళ్లకు వాళ్లు ఆ ఇల్లు అమ్మేసి వెళ్లిపోయారు. ఎక్కడున్నారో తెలియదు. వెతకలేదు కూడా.

అంజయ్య మీటింగులకు పోవడం మానేశాడు. క్యాబ్ నడుపుతూ ఎక్కడ అంబులెన్స్ కూత వినిపించినా, అది ఎటు పోతున్నా, బండి పక్కకు తీసి స్టీరింగ్ మీద తల పెట్టేవాడట. అలాంటివాడికి పని ఎవరు ఇస్తారు? రాష్ట్రం వచ్చింది. ఉద్యమం కేసులు ఎత్తేశారు. మా గల్లీలో పటాకులు కాల్చారు, రంగులు చల్లుకున్నారు. అంజయ్య మా ఇంటి వెనక నీళ్ల ట్యాంకు పక్కన ఒక్కడే కూర్చున్నాడు. స్వీట్ తీసుకుని వెళ్లాను. ముట్టుకోలేదు.

"బావ, ఒక్కటి అడుగుత. నిజం చెప్పు," అన్నాడు.

"ఏందిరా?"

"నేను ఎంటనే తొవ్వ ఇడిస్తె ఆ పిల్ల బతుకుతుండెనా?"

వాడు అప్పటిదాకా ఎవరినీ అడగలేదు. నన్నే అడిగాడు. బయట పటాకులు పేలుతున్నాయి. చుట్టుపక్కల మూడో మనిషి లేడు. ఒక్క మాట చాలు. లేదురా, నీ దగ్గరికి రాకముందే పోయింది, చంపింది నేను. నోటి దాకా వచ్చింది.

"ఏమోరా," అన్నాను.

ఏమో. అవునని చెప్పినా వాడు కొట్లాడేవాడేమో, ఎదురుతిరిగేవాడేమో. ఏమో అన్న మాటలో వాడు ఏళ్ల తరబడి ఉండిపోయాడు. తల ఊపి, స్వీట్ తీసుకుని, నా బాధ పోగొట్టడానికన్నట్టు కొంచెం కొరికాడు.

వాడికి తాగుడు అప్పటికే ఉంది. తర్వాత కామెర్లు వచ్చాయి. దవాఖానకు పోదాం రారా అని వాళ్ల అక్క కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. వద్దన్నాడు. "నేనెవరిని పోనిచ్చిన అక్కా, నన్ను తీస్కపోతందుకు," అన్నాడు. బలవంతంగా ఆటో ఎక్కించే నాటికి ఆలస్యమైంది. ఆఖరి రోజుల్లో వాడి పక్కన చాలాసేపు కూర్చున్నాను. తెలివిలోనే ఉన్నాడు. మంచానికి అటువైపు నా భార్య ఉంది. ఆమె కాసేపు బయటికి వెళ్తే చెబుదామనుకున్నాను. ఆమె బయటికి వెళ్లింది కూడా. నేను వాడి దుప్పటి సర్దాను.

ఇప్పుడు కోకాపేట మేడల్లో అలాంటి యంత్రాలు బోలెడు బిగిస్తున్నాను. గాలి వచ్చే దారి లేకుండా ఒక్కటి కూడా పెట్టను. పైసలు దండగ అని వాదించినవాళ్ల పనులు వదులుకున్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు నన్ను చాదస్తుడంటారు. జాగ్రత్త గల మనిషి అని పేరు కూడా వచ్చింది. ఆ పేరు వినబడితే ఒళ్లు కంపరమెత్తుతుంది. వీటివల్ల ఏదైనా తీరుతుందా? తీరదు. మాధవి రాదు. అంజయ్యకు జవాబు చేరదు.

నా భార్య ఇప్పటికీ తమ్ముణ్ణి తలుచుకుని, "పాపం ఆ పిల్ల ఉసురు తగిలిందయ్యా వానికి," అంటుంది. నేను ఊకొడతాను. ఈ కాగితాలు ఆమెకు చూపిస్తానా? మొదలుపెట్టినప్పుడు చూపిద్దామనే అనుకున్నాను. ఇక్కడిదాకా వచ్చాక నా సంగతి నాకు తెలుస్తోంది.

ఇందాక ఒకసారి పైకి అని చూశాను. మాధవిని చంపింది నేను, అంజయ్య కాదు అని. మామూలు గొంతుతోనే అన్నాను. నా చెవులతో నేను వినడం అదే మొదటిసారి.

"ఏమన్నవ్?" అంది నా భార్య లోపలి నుంచి.

"ఏం లేదు," అన్నాను.

ఆమెకు చెప్పలేకపోయాను. మీకు చెప్పాను. గుండె మీద నుంచి ఏదో కొంచెం జరిగినట్టుంది. దానికి నేను తగనని తెలుసు. అయినా ఊపిరి ఆడుతోంది.