భద్రాలిన్ అనే పదార్థం

ఉదయం పదీ ఇరవైకి లాబ్‌కు చాయ్ వచ్చింది. ఎవరూ ముట్టలేదు. మల్లయ్య అతినీలలోహిత దీపం కింద గాజుపలక పట్టుకుని, "సార్, గీ చుక్క పుస్తకాలల్ల లేదు. గిది మనదే" అన్నాడు.

అప్పుడు నేను ఖమ్మంలో ఒక కాలేజీ రసాయనశాస్త్ర విభాగానికి అధిపతిని. రిటైర్మెంట్ దగ్గర పడింది. మల్లయ్య మా లెక్చరర్, కారేపల్లి మనిషి. నలభై దాటాక పీహెచ్‌డీలో చేరాడు. విషయం సుగంధిపాల వేళ్లు. ఒక్క కొత్త పదార్థమైనా లేనిదే థీసిస్ ముట్టుకోనని అతని గైడ్ చెప్పేశారు. గడువు ఆ ఎండాకాలంతో ఆఖరు.

బూర్గంపాడు అవతల అడవిలో తవ్వి తెచ్చిన వేళ్లను నీడన ఎండబెట్టి, దంచి, మిథనాల్‌లో నానబెట్టాం. ఆ కషాయాన్ని చిక్కబరిచి, సిలికా పొడి నింపిన గాజు గొట్టంలో పోస్తే అందులోని పదార్థాలు ఒక్కొక్కటే వేరై దిగుతాయి. దీన్ని కాలమ్ నడపడం అంటాం. వేరుకు వాసననిచ్చే పదార్థం ముందు దిగింది. అది అందరికీ తెలిసిందే. దాని వెనక నూనెలా దిగినదాన్ని గాజుపలక మీద పెడితే, దీపం కింద కనిపించిందే మల్లయ్య చుక్క.

కొత్త పదార్థానికి మొక్క పేరో ఊరి పేరో పెట్టడం మా వృత్తిలో ఆచారం. చాయ్ చల్లారేలోపే మల్లయ్య దానికి, ఆ అడవి దగ్గరి భద్రాద్రి మీదుగా, భద్రాలిన్ అని పేరు పెట్టేశాడు. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందన్నాను. సోమలింగం కన్నా ఇదే నయం కదా అని మిఠాయి తెప్పించాడు. తిన్నాం.

తర్వాత హైదరాబాద్ నుంచి ద్రవ్యరాశి పరీక్ష ఫలితం వచ్చింది. 149 దగ్గర నిటారుగా ఒక గీత. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే నూనెలకు అది గుర్తు. డ్రమ్ములోంచి మిథనాల్ తీయడానికి మేం వాడింది తోటకు నీళ్లు పట్టే ప్లాస్టిక్ పైపు. వేళ్లు వేయకుండా ఉత్త మిథనాల్‌ను ఆవిరి చేసి చూస్తే అదే చుక్క కనిపించింది.

మల్లయ్య ఆ పైపును చుట్టి గుమ్మం బయట పడేశాడు. "భద్రాద్రి గాదు సార్, పైపుల దుకాణం" అన్నాడు.

గైడ్‌ను బతిమాలి గడువు పెంచుకున్నాడు. అంతా గాజు సామానుతో మళ్లీ మొదలుపెట్టాడు. వానాకాలమంతా కాలమ్ పక్కనే గడిచింది. ఆఖరున సూదుల్లాంటి స్ఫటికాలు చిటికెడు దిగాయి. ఈసారి ఉత్త మిథనాల్‌ను ముందే చూసుకున్నాం. పరీక్షలన్నీ నిలిచాయి. కొత్తదే.

పేరేం పెడదామని అడిగాను.

"పేరొద్దు సార్. నంబర్ ఉండనియ్యి."

థీసిస్‌లో తెలిసిన పదార్థాలు ఆరు, అది ఏడో నంబర్. డాక్టరేట్ వచ్చింది.

మల్లయ్య నిరుడు పోయాడు. ఆ పని నాకు నేర్పింది ఇంతే: వేరు కన్నా ముందు పైపును పరీక్షించాలి. ఆ లాబ్‌లో ఇప్పుడు పదార్థాలకు పేర్లు పెట్టడం లేదు.