తుడిచేసిన నీటి గీత

భద్రాచలంలో మా వీధి పల్లంలో ఉంటుంది. గోదారి పెరిగితే నీళ్ళు ముందుగా మా వీధికే వస్తాయి, అన్ని వీధుల్లో తగ్గాక చివరగా మా వీధిని వదులుతాయి. మా ఆయన అవతలి ఒడ్డున సారపాక కాగితం మిల్లుకు కాంట్రాక్టు మీద వెదురు దింపే పనికి పోతాడు. బ్యాంకు లోను తీసుకుని రెండు ఇటుక గదులు వేసుకున్నాం. వెనక గది మా అత్తమ్మది. లోను ఇచ్చేనాడు బ్యాంకాయన ఇంకో కాగితం ముందుకు జరిపి, "ఇది ఇంటి బీమా. అగ్గి అంటుకున్నా వరదొచ్చినా కంపెనీ చూసుకుంటది" అన్నాడు. ఆయన వేలు పెట్టిన చోటల్లా సంతకాలు చేశాం. వరదొచ్చాక మేమేం చేయాలో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. వరదొస్తే ఏం చేయాలో మాకు ఒకరు చెప్పాలా అనుకున్నాం.

నాకు ఆ పని నేర్పింది అత్తమ్మే. కాపురానికొచ్చిన ఏడే నేర్పింది. నీళ్ళు పూర్తిగా పోయేదాకా ఆగకూడదు. మోకాలి లోతు ఉండగానే ఇంట్లో దిగాలి. ఆ నీళ్ళను కలియబెడుతూ, చెక్కపలకతో నెడుతూ, పోయే నీళ్ళతోనే బురదనూ పంపేయాలి.

"ఒండ్రు ఎండిందంటే గడ్డపార పట్టాల్సొస్తది పిల్లా. గోదారి మట్టి గోదారికే అప్పజెప్పాలె. ఇంట్ల ఉంచుకుంటే పాములు దాంట్లనే సంసారం పెడతయ్" అనేది.

బురద పోయాక కడుగుడు, గోడలకు సున్నం, గడపకు పసుపు. అప్పుడే పొయ్యి ముట్టించాలి. అంతదాకా ఆ ఇంట్లో గంజి కూడా కాచకూడదు.

ఇటుక గదులు వేసుకున్నాక పెద్ద వరద వచ్చిన ఏడు, గోదారికి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని మైకు ఆటో మా వీధిలో తిరిగిన గంటకే మమ్మల్ని కాలేజీలో పెట్టిన క్యాంపుకు తరలించారు. బియ్యం బస్తా అటక మీద పెట్టి, అత్తమ్మను చేతుల మీద ఎత్తుకుని పోయాం. వారం దినాలు అక్కడే. తిరిగొచ్చి చూస్తే నీళ్ళు కిటికీ పైదాకా వచ్చిపోయిన గీత గోడ చుట్టూ ఉంది, గోధుమ రంగులో, తాడు కట్టినట్టు. అటక మీది బియ్యం నిలిచాయి గానీ పరుపులు, చెక్క బీరువా, కుట్టుమిషను బల్ల అన్నీ ఉబ్బిపోయాయి. అత్తమ్మ గది వెనక గోడ బయటికి ఒరిగింది. మూల దగ్గర వేలు దూరేంత పగులు.

ఇక చూసుకోండి. ఎనభై ఏళ్ళ అత్తమ్మ గడప మీద స్టూలు వేసుకుని కూర్చుని చెబుతుంటే మా ఆయన, నేను రెండు రోజులు నడుం ఎత్తలేదు. పాడైనవన్నీ పంచాయతీ ట్రాక్టర్లో వేశాం. పగుల్లోంచి జెర్రులు వస్తాయని అత్తమ్మ అంటే సిమెంటు కలిపి పూడ్చాను. గోడలకు రెండు పూతల సున్నం వేశాను. వీధి మొత్తంలో మొదట పొయ్యి వెలిగింది మా ఇంట్లోనే. పక్కింటివాళ్ళు వరదకు ముందే మధిరలో చుట్టాలింటికి పోయి ఇంకా రాలేదు. వాళ్ళ ఇల్లు బురదతో కంపు కొడుతుంటే, "తాళమేసుకొని పోయి తీర్థానికి పోయినట్టు కూసున్నరు" అని నేనే నలుగురిలో అన్నాను.

మిల్లులో ఎవరో గుర్తుచేస్తే మా ఆయన బీమావాళ్ళకు ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఎనిమిదో రోజు సర్వేయరు వచ్చాడు. చేతిలో టేపు, మెడలో కార్డు. లోపలికి చూసి, నేల అద్దంలా ఉందని బూట్లు బయటే విప్పాడు.

"నీళ్ళొచ్చిన ఇల్లు ఇదేనామ్మా, పక్కదా?" అన్నాడు.

నిజం చెప్పాలి, నాకు సంతోషమేసింది. "మాదే సారు. బాగ చేసుకున్నం" అన్నాను.

"నీళ్ళు ఎంతవరకు వచ్చినయ్?"

తల పైదాకా చెయ్యెత్తి చూపించాను. ఆయన గోడ చూశాడు, నన్ను చూశాడు.

"గీత ఏది?"

"సున్నమేసిన సారు."

"పాడైన సామాను?"

"ట్రాక్టర్ల ఏసినం."

"ఫొటోలన్న తీసిన్రా?"

"ఫోను క్యాంపులనే ఛార్జింగు లేక చచ్చింది సారు. నాకు అన్నీ యాదికున్నయ్, రాసుకోండ్రి" అని మొదలుపెట్టాను. ఏ పరుపు ఎక్కడ కొన్నది, బీరువా తలుపు రంగు, మిషను బల్లకు ఎన్ని సొరుగులు, ఒక్కటీ వదల్లేదు. ఆయన పెన్ను తీయలేదు.

"అమ్మా, యాదిల ఉన్నది నేను రాసుకోలేను. కంటికి కనబడాలె." కిటికీలోంచి పక్కింట్లోకి చూపించాడు. "గట్ల ఉంచితే నాకు పని సులువు."

వెనక గోడ కట్టకపోతే వచ్చే వానలకు అది పడుతుంది. పడితే అత్తమ్మ మంచం మీద పడుతుంది. లోను వాయిదాలు పోను మా ఆయన కూలి తిండికే సరిపోతుంది. గోడ లేపాలంటే ఈయన రాసే కాగితమే దిక్కు.

ఆయనను వెనక గదిలోకి తీసుకుపోయి, కొడవలి తెచ్చి గోడ గీకడం మొదలుపెట్టాను. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. మీద పడకుండా ఆయన వెనక్కి జరిగాడు. మంచం మీదినుంచి అత్తమ్మ, "ఏమే, మొన్ననే కదనే ఏసినం" అంది. జానెడు మేర గీకాక కింద మసక గోధుమ రంగు కనిపించింది. ఆయన దగ్గరికొచ్చి టేపు పెట్టి కొలిచాడు, ఫొటో తీశాడు. తర్వాత మూల దగ్గరికి పోయి పగులులోని సిమెంటును గోటితో తట్టాడు.

"ఇది కొత్తగ పూడ్చిన్రు. పగులు వరదకు ముందుదో వెనకదో నేనెట్ల చెప్పాలె?"

అప్పుడు అత్తమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది. "సారూ, పూడ్చమన్నది నేను. సున్నమేయమన్నదీ నేనే. నా కోడలు నా మాట ఇన్నది, అంతే. తప్పు రాస్తే నా పేర రాసుకో."

ఆయన పెన్ను తీశాడు. గోడ సంగతి రాసుకున్నాడు. పోయేటప్పుడు, "మామ్మా, మీ మీద నాకేం కోపం లేదు. నా పైనోళ్ళకు ఫొటో కావాలె" అని చెప్పి బూట్లు వేసుకున్నాడు.

కాగితం చలికాలంలో వచ్చింది. బ్యాంకాయన చదివి చెప్పాడు. సామానుకు ఆధారం లేదట, ఏమీ రాదు. గోడకు మాత్రం కొంత ఒప్పుకున్నారు. ఆ కొంతతో ఒరిగిన గోడ కూల్చి, ఛాతీ ఎత్తు దాకా ఇటుక పేర్చాం. పైన రేకులు కొట్టాం. వాన పడితే ఆ గదిలో మాట వినబడదు. ముందు గదిలో పడుకోమంటే అత్తమ్మ వినదు. ఆనాటి నుంచి ఆమె నాకు ఏ పనీ చెప్పడం మానేసింది. అన్నంలో ఉప్పు తక్కువైనా చెప్పదు. తిట్టినా బాగుండేది అనిపించేది.

ఈ ఏడు మళ్ళీ నీళ్ళొచ్చాయి. పెద్దగా రాలేదు, పిక్కల లోతు. తగ్గుతుండగా మేం ఇంటికొచ్చాం. అత్తమ్మ గడప మీద కూర్చుని, నీళ్ళను చూసి నన్ను చూసింది.

"బురద నూకుదామా, ఉంచుదామానే?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నన్ను అడిగిన మొదటి సలహా అది. ఫోనుతో నాలుగు మూలలూ ఫొటోలు తీశాను. మా ఆయన బీమావాళ్ళకు ఫోన్ చేస్తే, మనిషి వచ్చేదాకా ఏదీ కదిలించొద్దన్నారు. సరేనన్నాం. నీళ్ళు వాటి దారిన పోయాయి, బురద ఉండిపోయింది.

రోజులు గడుస్తున్నాయి. అత్తమ్మ మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని బురదకేసే చూస్తోంది. అది అంచుల్లో ఎండి, పెంకుల్లా పైకి లేస్తోంది. పొయ్యి ఇంకా ముట్టించలేదు; పొద్దున క్యాంపు నుంచి తెచ్చిన పులిహోర పొట్లం ఆమె ముందు విప్పకుండా అలాగే ఉంది.

"ఎప్పుడొస్తడట ఆయన?" అంది.

"వస్తడట అత్తమ్మా" అన్నాను. ఎప్పుడో వాళ్ళు నాకూ చెప్పలేదు.