నాలుగు తాళాల గది

వంటింట్లో చెనిక్కాయలు వేగుతున్న వాసన వస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అంగడివాడు పాతవి కలిపాడేమోనని పొట్లం విప్పి, ఒక్కొక్కటే ఒలిచి చూశాక గానీ బాణలి పొయ్యి మీద పెట్టను. మనవరాలు నవ్వుతుంది. ఈ అనుమానం మా నాయన నాకిచ్చిన ఆస్తి అని దానికి తెలియదు.

స్వాతంత్య్రం వచ్చి పదేళ్లు దాటిన రోజులు. కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెలో నలుగురు చిన్న రైతులు కలిసి విత్తనాల సంఘం పెట్టుకున్నారు. ఏటా విత్తనం కోసం షావుకారు గడప తొక్కడం ఇష్టం లేక, ఏరిన కాయలన్నీ వాళ్లలో ఒకడైన హుసేన్ మామ ఇంటి పక్క రాతిగదిలో నిలవ చేశారు. కాయలైతే ఒకచోట చేరాయి గానీ ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరలేదు. "ఎవురి తాళం వాళ్లు ఎయ్యల్ల" అని పట్టుబట్టింది మా నాయన నాగప్పే. అలా ఒక్క తలుపుకు నాలుగు తాళాలు పడ్డాయి.

ఆ వేసవంతా ఎర్రమట్టి దుమ్ము, ఉగాది ఓళిగల నేతివాసన, కొర్రన్నంలోకి అమ్మ నూరిన ఊరిబిండి ఘాటు, మధ్యాహ్నాలు ఆ గది అరుగు మీద మేము ఆడపిల్లలం చెనిక్కాయ గింజలతో ఆడిన సరిబేసి, గుప్పిట తెరిచేదాకా ఒకరి మాట ఒకరు నమ్మని మా తగాదాలు. వాటి మధ్యే నాయన రోజూ వచ్చి తన తాళం లాగి చూసుకుని, మిగతా మూడింటినీ తడిమి వెళ్లేవాడు.

మృగశిర కార్తెలో, విడపనకల్లులో ఉన్న మేనత్తకు బాగాలేదని తెలిసి నాయన బయలుదేరాడు, తాళంచెవి మొలతాటికి కట్టుకుని. ఆ సాయంత్రమే వాన దంచికొట్టింది. తెల్లారేసరికి ఎద్దులు విత్తే గొర్రులతో సిద్ధం, మూడు తాళాలూ తెరిచారు. నాలుగోది మాది.

"పగలగొట్టండన్నా, నేను చెప్తాండా కదా" అంది అమ్మ.

హుసేన్ మామ రాయి ఎత్తి, మళ్లీ కింద పెట్టేశాడు. "నాగప్ప వచ్చి బస్తా తగ్గినాదంటే ఎవురమ్మా జవాబు చెప్పేది?"

నాయన ఆ మాట అంటాడని మా అందరికీ తెలుసు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మామ కొడుకు సైకిలెక్కి పోయాడు గానీ, దారిలో వంకలు పారుతుండటంతో నాయన వచ్చేసరికి మూడో రోజయింది. ఈలోగా పడమటి గాలి నేలలోని పదునును, గింజ మొలవడానికి కావాల్సిన ఆ తడినంతా లాగేసింది. నాయన పరుగున వచ్చి తాళం తీసి, ముందు బస్తాలు లెక్కపెట్టాడు, అదీ రెండుసార్లు.

"అన్నీ ఉండాయే!" అన్నాడు ఆశ్చర్యంగా.

హుసేన్ మామ వంగి పిడికెడు మట్టి తీసి నాయన అరచేతిలో పోశాడు. అది పొడిపిండిలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"గింజలకైతే తాళమేస్తివి. పదునుకు యాడ ఏస్తావప్పా?"

ఆ ఏడు మళ్లీ వాన రాలేదు. విత్తనానికి దాచిన కాయల్ని అమ్మ కళ్లొత్తుకుంటూ వేయించింది, మేం తిన్నాం. సంఘం అంతటితో సరి.

ఇప్పుడు ఆ రాతిగది లేదు, హుసేన్ మామా నాయనా లేరు. తాళంచెవి మాత్రం నా బట్టలపెట్టె అడుగున ఉంది. తెరవడానికి తలుపే లేని ఆ ఇనుప ముక్కను, ఎవరైనా తీస్తారేమోనని ఇప్పటికీ చోటు మార్చి మార్చి దాస్తుంటాను.