పెనుకొండ కోర్టులో శుక్రవారం ముగ్గు

ఆ రోజుల్లో మా వైపు టెన్నిస్ ఆడేవాడికి పిల్లనిచ్చేవాళ్లు కాదు. పేకాట ఆడేవాడికైనా ఇచ్చేవాళ్లు, వాడు ఎప్పుడో ఒకప్పుడు మానేస్తాడని ఆశ ఉండేది కాబట్టి. టెన్నిస్ అంటే ఏమిటో, దాన్ని మానిపించడం ఎలాగో ఎవరికీ తెలియదు. డెబ్బైల చివర్లో నేను హిందూపురం క్లబ్బులో మార్కరుగా చేరాను. మార్కరంటే పొద్దున్నే కోర్టు తడిపి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసి, వల బిగించి, సాయంత్రం వచ్చే డాక్టర్లకూ ప్లీడర్లకూ మిల్లు యజమానులకూ ఎదురు నిలబడి ఆడించేవాడు. వాళ్లకు చెమట పట్టాలి, ఓడిపోయామన్న బాధ మాత్రం పట్టకూడదు. ఎవరి బొజ్జ ఎంత దూరం వంగుతుందో చూసుకుని బంతిని సరిగ్గా అక్కడికే వెయ్యాలి (ఇది గెలవడం కంటే చాలా కష్టమైన విద్య, కానీ దీనికి కప్పులివ్వరు). జీతం తీసుకుని ఆడుతున్నాను కనుక నేను ప్రొఫెషనల్ ఆటగాణ్ణని నా నమ్మకం. పట్టుగూళ్ల మార్కెట్లో బేరాలు కుదిర్చే మా నాయనకు ఆ నమ్మకం లేదు. "మనిషన్నాక ఏదో ఒకటి అమ్మల్ల, లేకుంటే కొనల్ల. నువ్వేం చేస్తాండావురా? వచ్చిన బంతిని వచ్చినట్టే వాపసు పంపిస్తాండావు. అదేం యాపారం?" అనేవాడు. నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా అన్నం కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ణి, తర్వాత ఆకలేసి మళ్లీ వచ్చి కూర్చునేవాణ్ణి.

చలికాలం వస్తే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం క్లబ్బులు వంతులవారీగా టోర్నమెంట్లు పెట్టేవి. మెంబర్లతో పాటు మార్కర్లనూ ఆడనిచ్చేవాళ్లు, లేకపోతే ఆడేవాళ్లు చాలరు. మా హిందూపురం కోర్టు మురుగుకాలువ వైపు కొంచెం వాలి ఉండేది, అందువల్ల ఒకవైపు ఆడేవాడు ఎప్పుడూ కొండెక్కుతున్నట్టే ఉండేవాడు. ధర్మవరంలో గాలి ఎటు వీస్తే ఆట అటు. పెనుకొండ కోర్టు మాత్రం చదునుగా, పేడతో అలికిన వాకిలిలా ముచ్చటగా ఉండేది. గెలిస్తే ఒక చోట ఫ్లాస్కు, ఒక చోట గోడ గడియారం, ఇంకో చోట స్టీలు బిందె. ఈ మూడూళ్ల ప్రపంచానికి నేనే ఛాంపియన్ని. ఆ ఏడాది ఎవరికి పుట్టిందో గాని ఒక మంచి బుద్ధి పుట్టింది: పెనుకొండ ఫైనల్లో గెలిచినవాణ్ణి మూడు క్లబ్బులూ కలిసి తమ తరఫున బెంగుళూరులో జరిగే పెద్ద టోర్నమెంటుకు పంపిస్తాయట. మార్కరుకు సొంతంగా అక్కడ అడుగు పెట్టే దారి లేదు, క్లబ్బు పంపితేనే రానిస్తారు. అక్కడ నాలుగు ఆటలు ఆడితే మద్రాసు, అక్కడ నుంచి కలకత్తా, అలా ఊరూరూ తిరిగి ఆడుకుంటూ బతకొచ్చు. బొజ్జలకు బంతులు వేసే బతుకు నుంచి బయటపడటానికి నాకు దొరికిన ఒకే ఒక్క కిటికీ అది. ఆ వార్త విన్న రోజు నుంచి నాకు నిద్రలో కూడా బెంగుళూరే.

ఫైనల్లో నా ఎదుటివాడు ధర్మవరం పట్టుచీరల వ్యాపారి కొడుకు. అందరూ వాణ్ణి సిల్కు బాబు అనేవాళ్లు. ఇస్త్రీ మడత చెదరకుండా ఆడటం వాడి ప్రత్యేకత, ఎందుకంటే వాడు పరిగెత్తడు. పోనీ దుర్మార్గుడా అంటే అదీ కాదు, ఎప్పుడు చూసినా పళ్లికిలించి నవ్వేవాడు (నాకు దాని మీద కూడా కోపమే). వాణ్ణి అంతకు ముందు ఎన్నిసార్లు ఓడించానో లెక్కలేదు. కాబట్టి బెంగుళూరు నాదేనని ధైర్యంగా, మా నాయనను మొదటిసారి ఆట చూడటానికి వెంటబెట్టుకుని, శుక్రవారం పొద్దున రైలెక్కి పెనుకొండలో దిగాను.

తీరా వెళ్లి కోర్టు చూద్దును కదా, పచ్చగా అలికిన నేల మీద తెల్లటి గీతలు, వాటికి నాలుగు మూలలా చేటంతేసి నాలుగు పద్మాల ముగ్గులు! అదే సున్నం, అదే తెలుపు. ఒక్కో ముగ్గు గీతల మూలను పట్టుకుని, గీత దాటి బయటికి పూర్తిగా పరుచుకుని ఉంది. సంగతేమిటంటే, కప్పు ఇవ్వడానికి ఒక పెద్ద ఆఫీసరు గారి భార్య వస్తున్నారని, కోర్టు బాగా అలకమని క్లబ్బు వాచ్‌మన్ భార్యకు చెప్పారు. ఆమె బాగా అలికింది. అలికిన తర్వాత ఊరుకోలేదు. నేను వెళ్లి అడిగితే నన్నే వింతగా చూసింది. "అలికినాక ముగ్గు పెట్టకుంటే అది సావింటి వాకిలి అయితాది గదా సామీ? అందులో శుక్రవారం. అంత పెద్దమ్మ వస్తాంటే బోడి వాకిలి చూపీల్నా?" అంది. ఆమె మాటలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. అది నా కోపాన్ని ఇంకా పెంచింది.

అంపైరు ఆ ఊరి ప్లీడరు గారే. ఆయన కూడా తల పట్టుకుని, చీపురు తెప్పించి, చెరిపించబోతున్నాడు. సరిగ్గా అప్పుడే జీపు ఆగింది. దొరసాని దిగి, కోర్టు వైపు చూసి, రెండు చేతులూ జోడించినంత పని చేసి, "అబ్బ, ఎంత బాగుందండీ! ఎక్కడెక్కడో ఆటలు చూశాను గానీ ఇంత కళగా ఎక్కడా లేదు" అన్నారు. ప్లీడరు గారి చేతిలోని చీపురు ఆయన వీపు వెనక్కి వెళ్లిపోయింది. అక్కడితో అయిపోయింది. దొరసాని మెచ్చిన ముగ్గును చెరిపే మగవాడు ఆ రోజు పెనుకొండలో లేడు. ఆయన మమ్మల్నిద్దరినీ పక్కకు పిలిచి, గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు: "చూడండప్పా, గీత యాడ అయిపోయిందో, ముగ్గు యాడ మొదలైందో ఆ స్టూలు మీద నుంచి నాకు కనపడదు. కాబట్టి ముగ్గు మీద పడినా గీత మీద పడినట్టే లెక్క. ఇద్దరికీ సమానమే గదా?" సిల్కు బాబు పళ్లికిలించి, "నాకేం అభ్యంతరం ల్యా సార్" అన్నాడు. నేను మాత్రం ఎగిరాను. "గీత అంటే గీత సార్! రోజూ పొద్దున్నే లేచి గీసేవాణ్ణి నేను. గీతకు పక్కన ఇంకో జానెడు జాగా కలపడానికి ఇదేమన్నా గట్టు తగాదానా?" అన్నాను. "గట్టు తగాదాలు కూడా నేను చూస్తాండాలేప్పా, స్టార్టు చెయ్" అన్నాడాయన.

ఇక ఆట సంగతి. సిల్కు బాబు పరిగెత్తడని చెప్పాను కదా, ఆ రోజు వాడికి పరిగెత్తాల్సిన అవసరమే రాలేదు. ముగ్గులు వాడికి చుట్టాలైపోయాయి. బంతిని పైకి లేపడం, నా వైపున్న రెండు మూలల్లో ఏదో ఒక పద్మంలో పడెయ్యడం. నాకు అది దొంగతనంలా తోచింది. నేను మాత్రం పంతం పట్టి, ముగ్గు మీద ఒక్క బంతి కూడా వెయ్యనని, గీత లోపలే ఆడతానని ఒట్టు పెట్టుకున్నాను. మా నాయన గట్టున కూర్చుని మొదటి సెట్టు అంతా ఓపికగా చూశాడు. నేను ఓడిపోగానే ఓపిక పోయింది. "ఒరేయ్, ఉత్తపుణ్యానికి అంత జాగా ఇచ్చినారు గదరా! ఏంటికి వాడుకోవు?" అని అరిచాడు. "అది జాగా కాదు నాయనా, అవుట్!" అని నేనూ అరిచాను. "అవుటో గివుటో, అంపైరు సారే ఒప్పుకున్న్యాడు గదా. బేరం కుదిరినాక తక్కెడను తిడతారారా ఎవురన్నా?" అన్నాడు. గట్టు మీద జనమంతా గొల్లున నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోపంలో రెండో సెట్టు చెలరేగి ఆడి గెలిచేశాను (కోపానికి ఉన్న ఒకే ఒక్క ఉపయోగం ఇది, ఎక్కువసేపు ఉండదు).

మూడో సెట్టు చివరికొచ్చింది. ఇద్దరం సరిసమానం నుంచి వాడు ఒక మెట్టు పైకెక్కాడు. ఇంకో పాయింటు వస్తే వాడిదే. నేను చాలాసేపు వాణ్ణి అటూ ఇటూ లాగి, ఆఖరికి వాడి ఇస్త్రీ మడతలు కూడా చెదరగొట్టాను. వాడు ఇక చేతకాక, కళ్లు మూసుకుని బంతిని ఆకాశానికి ఎత్తాడు. అది నిదానంగా, తాపీగా నా ఎడమ మూలకు దిగుతోంది. నేను దాని కింద హాయిగా నిలబడి ఉన్నాను. కావాలంటే కొట్టొచ్చు, పసిపిల్లవాడైనా కొడతాడు. కానీ బంతి గాల్లో ఉండగానే నా కంటికి తెలిసిపోయింది, అది గీత దాటి జానెడు అవతల పడుతుంది. ఏళ్ల తరబడి గీతలు గీసిన కన్ను అది, తప్పదు. రాకెట్టు కిందికి దించి, వేలు పైకెత్తి, నా గొంతు పగిలేలా "అవుట్!" అని అరిచాను. బంతి గీత దాటి సరిగ్గా జానెడు అవతలే పడింది. పద్మం నడిబొడ్డున పడి, కొంచెం సున్నం లేపి, ఎగిరి అవతలికి పోయింది.

ముందుగా దొరసాని చప్పట్లు కొట్టారు. "అయ్యో, సరిగ్గా ముగ్గు మధ్యలోనే పడిందండీ!" అని మురిసిపోయారు. ప్లీడరు గారు స్టూలు మీద నుంచి గెలిచినవాడిగా సిల్కు బాబు పేరు చదివాడు. నేను వెళ్లి ఆ స్టూలును రెండు చేతులా పట్టుకుని ఊపాను. పైన ప్లీడరు గారు "ఏయ్, ఏయ్, పడతానప్పా!" అని అరుస్తున్నాడు. అదీ చాలక, ముగ్గునే లేకుండా చేస్తానని మూలకు పరిగెత్తి, బూటు కాలు ఎత్తాను. ఎదురుగా వాచ్‌మన్ భార్య వచ్చి నిలబడింది. ఆమె అరవలేదు. "తొక్కు సామీ, తొక్కు. శుక్రవారం పొద్దు ఆడకూతురు పెట్టిన ముగ్గు. తొక్కినోడు బాగుపడినట్టు నేనైతే యాడా చూళ్లా" అంది. ఎత్తిన కాలు గాల్లోనే ఉండిపోయింది. ఒంటి కాలి మీద కొంగలా అలాగే కొంతసేపు నిలబడి, మెల్లగా పక్కకు దించాను. మా నాయన వచ్చి నా భుజం పట్టుకుని స్టేషన్‌కు నడిపించాడు.

బెంగుళూరుకు సిల్కు బాబు వెళ్లాడు. మొదటి ఆటలోనే, మీసాలు రాని కుర్రవాడి చేతిలో, ఒక్క గేమూ గెలవకుండా ఓడి తిరిగొచ్చాడు. దారిలో హిందూపురంలో దిగి నేరుగా మా క్లబ్బుకే వచ్చాడు. "ఆడ వట్టి గీతలేనప్పా. ముగ్గుల్లేవు" అని పళ్లికిలించాడు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. నేను వెళ్లి ఉంటే! కనీసం ఒక్క గేమైనా! కానీ మరుసటి ఏడాది మూడు క్లబ్బుల పెద్దలూ కూర్చుని, "మనోళ్లు ఆడ నెగ్గేది ల్యా, ఏంటికి పంపేది" అని ఆ ముచ్చటకు ఫుల్‌స్టాప్ పెట్టేశారు. కిటికీ మూసుకుపోయింది. నేను మళ్లీ బొజ్జలకు బంతులు వేస్తూ, తర్వాత పిల్లలకు నేర్పిస్తూ, ఆ పెనుకొండ శుక్రవారాన్ని దొరికినవాడికల్లా చెప్పి తిట్టుకుంటూ గడిపాను. మా ఇంట్లో ఆ కథ మొదలవగానే పిల్లలు చెప్పులేసుకునేవాళ్లు.

ఈ మధ్య చీరలు కొనడానికి మా ఆవిడతో ధర్మవరం వెళ్లాను. గద్దె మీద మోకాళ్లకు పట్టీలు వేసుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పళ్లికిలించగానే గుర్తుపట్టాను. కాఫీ తెప్పించాడు, చీరలు పరిపించాడు, ఉన్నట్టుండి అన్నాడు: "ఆ దినం గెలిచింది నువ్వేనప్పా. నాకు అప్పుడే తెలుసు." ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట. నేను మండిపడ్డాను. "ఈ మాట ఆ దినమే ఏంటికి చెప్పలేదు?" అన్నాను. వాడు చీర మడతపెడుతూ, "చెప్పింటే నువ్వు బెంగుళూరికి పోయింటావు. ఆ పిల్లోడు నిన్నూ కొట్టింటాడు. ఇన్నేండ్లు నేను ఓడిపోయినోడిగా బతికినా. నువ్వు గెలవాల్సినోడిగా బతికినావు. ఎవురికి లాభమప్పా?" అన్నాడు. వ్యాపారి కదా, లెక్క ఠక్కున తేల్చాడు.

తిరుగు రైల్లో దిగులుగా కూర్చున్నాను. "ఏమి, మొగం అట్ల పెట్టుకోనుండారు?" అంది మా ఆవిడ. "కోపం పోయిందే" అన్నాను. నిజంగానే లోపల వెతికితే ఎక్కడా కనిపించలేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినట్టుంది. ఇంతకాలం దానితోనే కదా కాపురం చేసింది! రైలు పెనుకొండలో ఆగింది. కిటికీలోంచి కొండ వైపు చూశాను. ఆ ఎడమ మూల, నిదానంగా దిగుతున్న ఆ బంతి, కింద హాయిగా నిలబడి వేలెత్తుతున్న ఆ బక్క కుర్రవాడు, అన్నీ కళ్లకు కట్టాయి. వాడి కన్ను తప్పు చెప్పలేదు. జానెడు అవతల! "అవుట్!" అని పెట్టె అదిరిపోయేలా అరిచాను. అందరూ ఉలిక్కిపడి చూశారు. మా ఆవిడ చీరల సంచి ఒళ్లోకి సర్దుకుంటూ, "మళ్లా వచ్చిందిలే" అంది.