నెత్తికింద ఇప్పపువ్వు మూట

ఎలుగుబంటితో కుస్తీ పట్టిన రోజునే నా కుడిచేతి చివరి రెండు వేళ్లు మొద్దుబారాయి. మోచేయి కింద కండ చీలి నెత్తురు కారుతున్నా ఆ వేళ్లలో నొప్పి లేదు. అదంతా నా ధైర్యమే అనుకున్నాను.

ఇచ్చోడ దగ్గర అడవిలో ఇప్పపువ్వు ఏరడానికి బామ్మర్ది రాజన్నతో వెళ్లి, చెట్ల కిందే పాలిథిన్ కవర్ కట్టుకుని పడుకున్నాం. ఏరిన పువ్వును దూరంగా కొమ్మకు కట్టాలన్నాడు రాజన్న.

"బావా, గా మూట నెత్తికింద పెట్టుకోకు. గా వాసనంటే ఎలుగుకు పాణం."

"ఎవడన్న ఎత్తుకపోతే? నువ్వు ఫికర్ చెయ్యకు. ఎలుగొస్తే మెడలిరుస్త."

తెల్లవారుతుండగా అది రానే వచ్చింది.

ఆదిలాబాద్ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, కుట్లు వేశారు, రేబిస్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. "వేళ్లల్ల స్పర్శ ఉందా?" అని డాక్టర్ అడిగితే, దాని గొంతు పట్టి నేలకేసి ఎట్లా కొట్టానో చెప్పాను. "నొప్పే లేదు సార్!" ఆయన నవ్వి రాసుకున్నాడు. ఇంటికొచ్చాక చూడవచ్చిన వాళ్లకు చెబుతుంటే ఎలుగు రోజురోజుకూ పెరిగింది.

కుట్లు తీశాక నేను కూలికి నేసే మగ్గం దగ్గరికి వెళ్లాను. దారం తెగింది. ముడి వేయబోతే బొటనవేలి నుంచి జారిపోయింది. మళ్లీ మళ్లీ జారింది. ఇన్నేళ్లు కళ్లు మూసుకుని వేసిన ముడి అది. ముడి వేయరాని చేతికి మగ్గం ఎవరిస్తారు?

నా భార్య లచ్చవ్వ చూసింది. "ఎలుగు ముచ్చట ఊరందరికి జెప్తివి. గీ వేళ్ల సంగతి డాక్టర్‌కు జెప్పినవా?"

కరీంనగర్‌లో నరాల టెస్ట్ చేశారు. రిపోర్ట్ చూసిన డాక్టరమ్మ నా కుస్తీ కథ నమ్మలేదు. "పెద్దాయనా, గాయం ఎట్లయ్యిందో నిజం చెప్పండి. కరిచి గుంజిందా?"

నిజం చెప్పాను. కుస్తీ లేదు, ఏమీ లేదు. నెత్తికింది మూటను ఎలుగు లాగింది. నేను వదల్లేదు. అది మూటనొదిలి నా చెయ్యి కరిచి గుంజింది. రాజన్న పళ్లెం వాయిస్తూ అరిస్తే, మూట ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను ఏడ్చాను కూడా.

"నొప్పి లేదంటే ధైర్యం కాదు, నరం దెబ్బతింది. బొటనవేలి పట్టు కూడా ఆ నరానిదే. మొదలే చెప్పుంటే బాగుండేది," అంది. నాకు ఆమె మీద కోపమొచ్చింది, నా నోటి మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఆపరేషన్ అయ్యింది. ఆ తర్వాత ఫిజియోథెరపీ. మెత్తటి బంతిని పిసకడం, విడవడం. ఎన్నాళ్లని అడిగితే "నరం మెల్లగ పెరుగుతది" అంటారు. బంతిని గోడకేసి కొట్టాను. లచ్చవ్వ ఏరుకొచ్చి మళ్లీ చేతిలో పెట్టింది.

ఇప్పుడు ముడి పడుతోంది. ఒకసారి వెంటనే, ఒకసారి ఎంతకీ పడదు. అప్పుడు మగ్గం ఆగి ఉంటుంది, నాకు ఒళ్లు మండుతుంది. చిటికెనవేలు ఇంకా తిమ్మిరే.

మళ్లీ పువ్వు రాలే కాలమొచ్చింది, ఈసారీ అడవికి పోదామని రాజన్న ఫోన్ చేశాడు. "మూటేడ పెడుతవ్ బావా?"

"నీ నెత్తికింద," అన్నాను.

అడవిలో పడుకునేవాళ్లకు ఒక్క మాట: పువ్వయినా తిండయినా పడకకు దూరంగా ఎత్తున కట్టండి. అయినా ఎలుగు వచ్చి మూట పట్టుకుంటే, చెయ్యి తీసేయండి. పువ్వు మళ్లీ రాలుతుంది.