దొడ్డివాకిట్లో రాయి

ఇంగ్లండులో మేముండే మిల్టన్ కీన్స్‌కు కారులో అరగంట దూరంలో ఒక దొర బంగళా ఉంది. ఇప్పుడందులో ఎవరూ కాపురముండరు. టికెట్ కొని చూసి రావచ్చు. నేనీ దేశం వచ్చిన మొదటి ఎండాకాలంలోనే మా అబ్బాయి అక్కడికి తీసుకెళ్లాడు. బంగళా కట్టించిన దొర చక్కెర వ్యాపారంలో బాగా గడించాడని గైడు చెప్పాడు. చెరకు ఎవరు నరికారని అడిగాను. పక్క గదిలో పైకప్పు చాలా బాగుంటుందంటూ అతను అటు నడిచాడు.

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. చూస్తే నా ఈడు మనిషి. జమైకాలో పుట్టి, చిన్నప్పుడే ఇక్కడికొచ్చి, జీవితమంతా నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. "నేనడిగినప్పుడూ ఆ పైకప్పే చూపించారు," అంది.

నేను బడిలో చదివింది అయిదో తరగతి. మిగతాదంతా లైబ్రరీల్లో, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదువుకున్నదే. సముద్రం అవతల జమైకాలో ఆ దొరకు చెరకు తోటలుండేవి. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి అమ్మిన మనుషులు, వాళ్లకు పుట్టిన పిల్లలు కూడా అతని సొత్తుగానే బతికి అక్కడే చచ్చారు. ఇదంతా ఇక్కడి లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. బంగళాలో దొరగారి గుర్రాలకు కూడా పేర్లతో పలకలున్నాయి. ఈ మనుషుల ఊసే లేదు.

ఆ నర్సమ్మ, ఆమె చర్చివాళ్లు నలుగురు, నేను కలిసి రెండేళ్లపాటు ఆదివారాలు గేటు దగ్గర బోర్డులు పట్టుకుని నిలబడ్డాం. వాళ్ల గుర్తుగా ఒక రాయి పెట్టమన్నాం, అంతే. చివరికి బంగళా మేనేజరు మమ్మల్ని మీటింగుకు పిలిచింది. రాయి పెడతాం, చోటు వెనకాల పాత వంటింటి పెరట్లో అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

నాకు మా ఊరి గడీ గుర్తొచ్చింది. అక్కడి దొరకు మా బాపు వెట్టిచాకిరీ చేశాడు. కూలి లేకుండా కట్టెలు మోశాడు, నీళ్లు మోశాడు. ఎప్పుడూ దొడ్డివాకిలి నుంచే. గడీ ముందు దర్వాజా ఎదురుగా నడవాల్సి వస్తే చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేవాడు. నాకు చెప్పులే లేవు కాబట్టి ఆ బాధ లేదు.

"చచ్చాక కూడా వెనక నుంచేనా? ముందు మెట్ల దగ్గర పెట్టండి," అన్నాను.

మేనేజరు ఓపిగ్గానే చెప్పింది. పాత కట్టడం కాబట్టి ముందువైపు ఏది పెట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు. మీలో మీరు ఒక మాట మీదికి రండి, అప్పుడే పని మొదలుపెడతాం అంది.

ఇంటికొస్తుంటే, మీటింగుకు నాతో వచ్చిన మావాడు కారులో మొదలుపెట్టాడు.

"బాపూ, ఆమెకు గుండె బాగలేదని నీకెర్క లేదా? పోయిన్నెల గూడ హాస్పిటల్ల పడ్డది."

"ఎర్కే."

"మరి నీ పంతానికి ఆమె రాయి సూడకుంటనే పోతే?"

"పంతం గాదురా. ఇజ్జత్ ముచ్చట ఇది."

"ఎవరి ఇజ్జతే? ఆమెదా, నీదా?"

ఇల్లు రాగానే కారు తలుపు గట్టిగా వేసి లోపలికి పోయాను.

మరుసటి ఆదివారం నర్సమ్మ, ఆ పెరడేదో చూద్దాం రమ్మంది. ఆ పాత వంటిల్లే ఇప్పుడు టీ కొట్టు. బంగళాకు వచ్చినవాళ్లంతా చివరికి అక్కడే తేలుతున్నారు. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. మా ఊరి గడీ సంగతి ఆమెకు చెప్పాను.

"నీవాళ్లకు దొడ్డివాకిలైనా తెలుసు, డియర్," అంది. "మావాళ్లు ఈ ఇంటి ముందూ చూడలేదు, వెనకా చూడలేదు. ముందు మెట్ల దగ్గర జనం ఒక ఫొటో తీసుకుని పోతారు. ఇక్కడైతే కూర్చుంటారు. టీలో చక్కెర కలుపుకుంటారు. కలుపుకుంటూ ఆ రాయిని చూడనీ."

"ఇక్కడ చెత్తడబ్బాలున్నాయి," అన్నాను.

"ఉన్నాయి. వాటి సంగతి నువ్వు చూసుకో. కొట్లాడ్డానికి నీకూ ఏదో ఒకటి ఉండాలిగా."

ఒప్పుకున్నాను. కానీ మేనేజరు దగ్గర రెండు షరతులు పెట్టాను. డబ్బాలు అక్కణ్ణుంచి తీసెయ్యాలి. రాయి నిలబెట్టే రోజు మేము ముందు దర్వాజా నుంచి రావాలి. జనం పక్కనున్న టికెట్ గదిలోంచి వెళ్తారు కాబట్టి ఆ దర్వాజా ఎప్పుడూ మూసే ఉంటుంది. ఆమె సరేనంది.

ఆ రోజు నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. లోపల ఆ పేరుపడ్డ పైకప్పు కింద నిలబడి తల పైకెత్తి చూసి, "బాగానే ఉంది," అంది. వెనక పెరట్లో రాయి నడుమెత్తు ఉంది. ఆమె ఒక్కో అక్షరం మీదా చెయ్యి పెట్టి నెమ్మదిగా తడిమింది. దర్వాజా నేను బూట్లతోనే దాటాను. రాయి దగ్గర విప్పాను.

పోయిన నెల ఇద్దరం టీ తాగడానికి వెళ్తే, ఒక చెత్తడబ్బా మళ్లీ వచ్చి రాయి పక్కన నిలబడి ఉంది. కౌంటరులో చెబితే చూస్తామన్నారు. వాళ్లు చూసేదాకా ఆగలేదు. చక్రాల డబ్బాయే కాబట్టి బంగళా చుట్టూ తోసుకెళ్లి, ముందు మెట్ల పక్కన నిలబెట్టి వచ్చాను.

"కౌన్సిల్ అనుమతి తీసుకున్నావా?" అంది నర్సమ్మ.