బూజమ్మ చెప్పుల చప్పుడు

ల్యాబులో ఆమెను అందరూ బూజమ్మ అంటారు. ముఖం మీదే అంటారు, ఆమె కూడా పలుకుతుంది. ఆమె చేసే పని అలాంటిది మరి. అక్కడ గాజు ఫ్లాస్కుల్లో, తీపి నీళ్లలో, ఒక మొక్క కణాలు పెరుగుతుంటాయి. వేరు లేదు, ఆకు లేదు, తడి నూకలాంటి ముద్దలు, అంతే. ఊగే బల్ల మీద పగలూ రాత్రీ ఊగుతూ తిని బలుస్తాయి. వాటిలోంచి ఖరీదైన మందు తీయాలి. కానీ సుఖంగా ఉన్నంతకాలం అవి చుక్క మందు కూడా ఇవ్వవు. అందుకని బూజును ఉడికించి చంపి, ఆ రసాన్ని బూజమ్మ వాటిలో వేస్తుంది. తెగులు మీద పడిందనుకుని కణాలు హడలిపోతాయి. ఆ హడలులోనే మందు తయారు చేస్తాయి.

"భయపెట్టడంలో మీ చెయ్యి తిరుగులేనిదమ్మా," అంటాడు పెద్దసారు. ఆ మెచ్చుకోలు ఆమెకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ విద్య ఆమె ల్యాబులో నేర్చింది కాదు.

బూజమ్మ వాళ్ల నాన్న బడిపంతులు. కొట్టడం, తిట్టడం పెద్దగా లేవు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు చాలు, పిల్లలంతా పుస్తకాలు అందుకునేవాళ్లు. ఆయన పోయి ఏళ్లయింది. అయినా ఊగే బల్ల గదిలో లైటు ఆర్పితే, ఆ బల్ల టపటపలో ఆయనే నడిచొస్తున్నట్టుంటుంది. వీపు దానంతటదే నిటారవుతుంది. నవ్వుకుందామంటే నవ్వు రాదు. తను మాత్రం కూతుర్ని ఒక్క దెబ్బ వేసి ఎరగదు. ఆ సంగతి నలుగురికీ గొప్పగా చెప్పుకుంటుంది కూడా.

ఒక సాయంత్రం పెద్దసారు గోధుమరంగుకు తిరిగిన ఫ్లాస్కు చూపించాడు. "ఇది ఇవ్వాల్సింది ఇచ్చేసింది. ఇక పెరగదు, పారబోసెయ్యండి."

పక్కనే, పోల్చి చూసుకోవడానికి రసం వెయ్యకుండా వదిలేసిన ఫ్లాస్కు తెల్లగా, హాయిగా ఊగుతోంది. మందు మాత్రం లేదు. గోధుమరంగుది పారబోస్తుంటే బూజమ్మకు కూతురు గుర్తొచ్చింది. క్లాసులో ఎప్పుడూ ఫస్టే. తను మెట్లెక్కుతుంటే లోపల ఆగిపోయే పాట, గబగబా తెరుచుకునే పుస్తకం కూడా గుర్తొచ్చాయి.

ఆ రోజు మెట్ల కిందే చెప్పులు విప్పి చేత పట్టుకుంది. సొంతింటికి దొంగలా ఎక్కింది. లోపల పిల్ల కూనిరాగం తీస్తూ ఏదో బొమ్మ గీసుకుంటోంది. ఆ గొంతు ఇంత బాగుంటుందని తల్లికి ఇన్నాళ్లూ తెలియదు. గుమ్మంలో నిలబడి చెవులారా విన్నది. అంతలో పిల్ల తల తిప్పింది. చేతిలో పెన్సిలు జారిపడింది.

"నేనేలే తల్లీ, పాడుకో. ఇకనుంచీ చప్పుడు చెయ్యకుండానే వస్తా, సరేనా?"

పిల్ల బొమ్మను పుస్తకం కిందికి తోసేసింది. తల్లి చేతిలోని చెప్పుల వంక కాసేపు చూసింది.

"వద్దమ్మా, వేసుకునే రా," అంది మెల్లగా. "చప్పుడైతే ముందే తెలుస్తుంది కదా."